జమ, ఖర్చు, నిల్వ: బైపాస్ తర్వాత పదహారో రోజు

నేను చెన్నైలో గుండె ఆపరేషన్లు చేసే సర్జన్ని. ఈ కేసు రాసుకోవడానికి రోగి ఒప్పుకున్నారు. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మారుస్తానంటే, "ఏమైనా మార్చుకోండి సార్, మండీని మాత్రం మార్చొద్దు" అన్నారు. మండీని అలాగే ఉంచాను.

ఎనిమిది నెలల గ్యాస్

రెడ్‌హిల్స్‌లో ఒక బియ్యం మండీకి ముప్పై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న గుమాస్తా ఆయన. వయసు 58. పుట్టింది గూడూరు పక్కన పల్లెలో, స్థిరపడింది చెన్నైలో, కూతుర్ని ఇచ్చింది సూళ్లూరుపేటలో. మధ్యాహ్నం భోంచేసి మండీ నుంచి బస్టాండు దాకా నడిస్తే రొమ్ము మధ్యలో బరువుగా ఉండేది. రెండు తేన్పులు వచ్చేవి. కాసేపు నిలబడితే తగ్గేది. ఆయన దానికి గ్యాస్ అని పేరు పెట్టుకున్నారు. నిమ్మసోడా తాగితే తగ్గిపోతుందని కూడా కనిపెట్టారు. సోడా బండి దగ్గర ఐదు నిమిషాలు నిలబడే తాగుతారు కదా. తగ్గించింది ఆ నిలబడటం, పేరొచ్చింది సోడాకి.

ఇలా ఎనిమిది నెలలు గడిచాయి.

గుండె నుంచి వచ్చే నొప్పి తీగలూ, అన్నవాహిక నుంచి వచ్చేవీ వెన్నుపాములో దాదాపు ఒకే చోట కలుస్తాయి. ఆ బాధ ఎక్కడిదో మెదడు కచ్చితంగా చెప్పలేదు. పైగా పద్నాలుగేళ్ల షుగరు ఆ తీగల్ని మొద్దుబార్చి ఉంటుంది కాబట్టి నొప్పి నొప్పిలా రాదు. బరువుగానో, ఆయాసంగానో, తేన్పుగానో వస్తుంది. తిన్న తర్వాత నడిస్తే వచ్చే ఛాతీ బరువుని మాత్రం మేం ఎప్పుడూ తేలిగ్గా తీసుకోం. భోజనం అయ్యాక పేగులకీ రక్తం కావాలి, గుండె అదనంగా పనిచేయాలి. అంత చిన్న అదనానికే అది మొరాయిస్తోందంటే రక్తనాళాలు బాగా మూసుకుపోయి ఉండే అవకాశం ఎక్కువ.

ఒక రాత్రి పడుకున్నప్పుడు కూడా ఆ బరువు వచ్చేసరికి భార్య ఊరుకోలేదు. ఈసీజీ బాగానే ఉంది. ట్రెడ్‌మిల్ మీద మూడు నిమిషాలు కూడా నడవలేకపోయారు. యాంజియోగ్రామ్‌లో మూడు నాళాలూ పోయాయి. ముందువైపు పెద్ద నాళం మొదట్లోనే 90 శాతం, పక్క కొమ్మ 80 శాతం మూసుకుపోయాయి, కుడి నాళం ఎప్పుడో పూర్తిగా మూసుకుపోయింది. గుండె పంపింగ్ 50 శాతం, అంటే పెద్దగా తగ్గలేదు, అది అదృష్టం.

ఇక ఆయన రిస్కు చిట్టా. మూడు నెలల షుగరు సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9. బీపీ మాత్ర గుర్తొచ్చినప్పుడు వేసుకునేది. పాతికేళ్లు బీడీ, తర్వాత సిగరెట్టు, యాంజియోగ్రామ్ రోజు నుంచి ఏదీ లేదు. ట్రైగ్లిజరైడ్స్ 240, మంచి కొలెస్ట్రాల్ 32. తండ్రి 52 ఏళ్లకి నిద్రలోనే పోయారు. తమ్ముడికి 49కే స్టెంటు పడింది. మనిషి చూడ్డానికి సన్నమే, బరువు 70 కిలోలు. నడుముకి టేపు చుడితే 98 సెంటీమీటర్లు వచ్చింది. మనవాళ్లలో మగవారికి 90 దాటితేనే ఎక్కువ కింద లెక్క. "నేను లావు కాదు కదా సార్" అని ఆయన నాతో మూడుసార్లు అన్నారు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి, పొట్ట మాత్రం చొక్కాలోంచి కొద్దిగా తోసుకొచ్చే ఈ ఆకారం మా ఓపీలో రోజూ కనిపించేదే.

52 దేశాల్లో చేసి 2004లో ప్రచురించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం మగవారిలో గుండెపోటు రిస్కులో 90 శాతం తొమ్మిది మామూలు కారణాల నుంచే వస్తుంది. మన గుమాస్తాగారికి ఆ తొమ్మిదిలో సగానికి పైగా ఉన్నాయి. అదే అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకి మొదటి గుండెపోటు మిగతావాళ్లకంటే ఐదారేళ్లు ముందే వస్తోందని తేలింది. ఇక చెన్నైలోనే చేసి 2001లో ప్రచురించిన సర్వేలో గుండె రక్తనాళాల జబ్బు మొత్తం మీద 11 శాతం మందిలో కనిపిస్తే, షుగరున్నవాళ్లలో 21.4 శాతం మందిలో కనిపించింది. అంటే ఆయన జబ్బులో వింత ఏమీ లేదు. అసలు కథ తర్వాత ఉంది.

అల్లుడు అడిగాడు: "స్టెంట్లు వేస్తే సరిపోదా సార్? కోత ఎందుకు?" న్యాయమైన ప్రశ్న. షుగరు ఉండి రెండు మూడు నాళాలు పోయిన 1,900 మంది మీద చేసిన ఫ్రీడమ్ ట్రయల్ 2012లో వచ్చింది. ఐదేళ్లలో మరణం, గుండెపోటు, పక్షవాతం వీటిలో ఏదో ఒకటి ఎదురైనవాళ్లు స్టెంట్ల వైపు 26.6 శాతం, బైపాస్ వైపు 18.7 శాతం. పక్షవాతం ఒక్కటే తీసుకుంటే బైపాస్ వైపే ఎక్కువ, 2.4కి 5.2. రెండూ చెప్పాను. గుమాస్తాగారు చేతివేళ్ల మీద తీసివేత చేసి, "మొత్తం మీద కోతే లాభం" అని తేల్చేశారు.

ఆపరేషన్, మూడో రోజు తెల్లవారుజాము

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో 1975లో డాక్టర్ కె.ఎం. చెరియన్ దేశంలో మొదటి బైపాస్ చేసినప్పుడు అది వార్త. ఇప్పుడు ఈ ఊళ్లో అది రోజువారీ పని. గుండె కొట్టుకుంటుండగానే మూడు గ్రాఫ్టులు, అంటే రక్తానికి పక్కదారులు, వేశాం. రొమ్ము లోపలి ధమని ముందు నాళానికి, కాలి సిరలు మిగతా రెంటికి. ఆపరేషన్ ప్రమాదాన్ని లెక్కగట్టడానికి ముందే వేసిన యూరోస్కోర్‌లో ప్రాణాపాయం ఒక శాతం చుట్టుపక్కల వచ్చింది. ఆ స్కోరు షుగరుని లెక్కలోకి తీసుకునేది ఇన్సులిన్ మీద ఉంటేనే. ఈయన మాత్రల మీద ఉన్నారు కాబట్టి 8.9కి అక్కడ సున్నా మార్కులు. ఆ స్కోరు చెప్పేది కూడా ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ల మాటే, సూళ్లూరుపేట సంగతి దానికి తెలియదు.

రెండో రోజు డ్రెయిన్ పైపులు తీసేశాం. మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి గుండె లయ తప్పింది. నిమిషానికి 140, అదీ అస్తవ్యస్తంగా. ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె ఆపరేషన్ల తర్వాత ఇది 20 నుంచి 40 శాతం మందిలో వస్తుంది, రెండు నుంచి నాలుగు రోజుల మధ్యే ఎక్కువ. అందుకే ఐసీయూలో ఎవరూ కంగారు పడరు. పొటాషియం 3.4 ఉంటే సరిచేశాం, మెగ్నీషియం ఇచ్చాం, లయ కుదిర్చే మందు అమియోడరోన్ మొదలుపెట్టాం. పదహారు గంటల్లో లయ కుదిరింది, మర్నాడు మళ్లీ తప్పింది. ఇలా పోతూ వస్తూ 48 గంటలు దాటేసరికి, లోపల గడ్డ కట్టి మెదడుకి వెళ్తుందేమోనన్న భయంతో ఐదో రోజు రక్తం పలచబడే మందు ఎసెనోకుమరాల్ మొదలుపెట్టాం. బీపీ, షుగరు, రక్తనాళాల జబ్బు, మూడూ ఉన్న మనిషికి అది పుస్తకం ప్రకారం సరైన నిర్ణయమే.

ఎనిమిదో రోజు డిశ్చార్జి. రక్తం పలచదనం చెప్పే ఐఎన్ఆర్ 1.9, మాకు కావలసింది 2 నుంచి 3 మధ్య. గుండె స్కాను ఎకోలో, గుండె వెనక 6 మిల్లీమీటర్ల నీరు ఉందని రాశారు. ఆపరేషన్ అయినవాళ్లలో సగానికి పైగా అంతో ఇంతో నీరు కనిపిస్తుంది, చాలామందిలో దానంతటదే ఇంకిపోతుంది. ఆ వాక్యం మీద నా కళ్లు ఆగలేదు.

డిశ్చార్జి కాగితం నాలుగు పేజీలు, అంతా ఇంగ్లిష్. మూడో పేజీ అడుగున "రివ్యూ విత్ ఐఎన్ఆర్ ఆఫ్టర్ వన్ వీక్" అని ఉంది. ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే రక్తపరీక్ష. గుమాస్తాగారికి ఆ మూడక్షరాలు బాగా తెలుసు. ముప్పై ఏళ్లుగా బ్యాంకు కాగితాల మీద చూస్తున్నారు. ఐఎన్ఆర్ అంటే ఇండియన్ రూపాయలు. వారం తర్వాత డబ్బు పట్టుకుని రమ్మన్నారని అర్థం చేసుకున్నారు. చేతిలో డబ్బు లేదు, ఒకటో తారీఖు దాటి జీతం పడ్డాక వెళ్దామనుకున్నారు.

ఈ సంగతి నాకు తెలిసింది ఇరవయ్యో రోజున. నవ్వొచ్చింది, ఆ తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు.

సూళ్లూరుపేటలో ఎనిమిది రోజులు

విశ్రాంతికి కూతురింటికి వెళ్లారు. పదో రోజు వీపు నొప్పి. రొమ్ము ఎముక కోసినప్పుడు పక్కటెముకల కీళ్లు కదులుతాయి కాబట్టి అది మామూలే. మెడికల్ షాపులో అడిగితే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ ఇచ్చారు, మూడు రోజులు వేసుకున్నారు. పన్నెండో రోజు నుంచి కడుపు ఉబ్బరం, వికారం, రెండు ముద్దలు తినేసరికే నిండినట్టు. వీధి చివర ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి చూసి, గ్యాస్ అని ఒక ఇంజెక్షన్ చేసి, ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్రలు ఐదు రోజులకి ఇచ్చారు. ఆయన్ని తప్పుపట్టడం తేలిక. కానీ ఆయన ముందు ఉన్నది కడుపు ఉబ్బరమని చెబుతున్న మనిషి, ఇంగ్లిష్‌లో ఉన్న నాలుగు పేజీల కాగితం. పద్నాలుగో రోజు నుంచి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, దిళ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోయారు. అదీ గ్యాస్ ఖాతాలోకే వెళ్లింది.

పదహారో రోజు సాయంత్రం కాళ్లు చల్లబడ్డాయని కూతురు భయపడి కారు మాట్లాడి చెన్నై బయల్దేరదీసింది. ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. క్యాజువాల్టీకి చేరేసరికి రాత్రి పదకొండు.

క్యాజువాల్టీ, రాత్రి పదకొండు

భార్య మొదటి మాట: "గ్యాస్ పట్టుకునింది సార్, నాలుగు దినాల నుంచి ఏం తినలేదు." గ్యాస్ అనే మాట తెలుగులోనూ తమిళంలోనూ ఒకటే కాబట్టి డ్యూటీ డాక్టరుకి అనువాదం కూడా అక్కర్లేకపోయింది. కాగితం మీద ఫిర్యాదు స్థానంలో అదే పడింది.

బీపీ 104/70. నాడి 84, లయ సక్రమం. ఆక్సిజన్ 95. ఊపిరితిత్తుల్లో చప్పుడేమీ లేదు. పొట్ట కుడివైపు నొక్కితే నొప్పి. రక్తపరీక్షల్లో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 2.4, డిశ్చార్జి నాటికి అది 1.2. లివర్ ఎంజైములు పది రెట్లు. హిమోగ్లోబిన్ 8.9, అంతకుముందు 10.4. ఐఎన్ఆర్ 6.1. ఎకోలో ముందువైపు కొద్దిగా నీరు, కుడి గదులు నొక్కుకుపోవడం లేదు, వెనకవైపు సరిగా కనిపించడం లేదు అని రాశారు.

డ్యూటీ డాక్టరు ఫోన్‌లో తన లెక్క చెప్పాడు. తిండి లేక ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ దెబ్బతింది, అమియోడరోన్ వల్ల లివర్ వాచింది, మాత్రలకి గ్యాస్ట్రైటిస్. పలచబడే మందు ఆపి, విటమిన్ కె ఇచ్చి, సెలైన్ పెట్టి వార్డులో ఉంచుతాను. నేను సరే అన్నాను. ఆ రాత్రి నేను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇవన్నీ కలిపి ఒకే కారణం ఉందా? అడగలేదు. మూడు అవయవాలకి మూడు వేర్వేరు కారణాలు ఎవరైనా చెబుతున్నారంటే అక్కడ అనుమానించాలని జూనియర్లకి నేనే చెబుతుంటాను.

సెలైన్ ఎక్కాక బీపీ 112కి వచ్చింది. అందరికీ కాస్త ధైర్యం వచ్చింది. గుండె చుట్టూ ఒత్తిడి పెరిగినప్పుడు కూడా సెలైన్ ఎక్కిస్తే బీపీ కాసేపు పెరుగుతుంది. ఆ ఎనిమిది పాయింట్లూ మమ్మల్ని తెల్లారేదాకా నిద్రపుచ్చాయి.

పొద్దున ఆరున్నర: లెక్కల పుస్తకం

నేను వెళ్లేసరికి ఆయన మంచం మీద ముందుకి వంగి కూర్చుని ఉన్నారు. పక్కన భార్య, ఆమె ఒళ్లో ఎర్ర అట్ట లెక్కల పుస్తకం. "రాయమన్నారు కదా సార్, రాసుకున్నా" అని ఆయనే ఇప్పించారు. ఐసీయూలో ఉన్నప్పుడు నర్సులు ఎంత నీళ్లు తాగారు, ఎంత మూత్రం వచ్చింది అని చార్టు రాయడం చూశారట. దాన్ని తనకి తెలిసిన పద్ధతిలోకి మార్చుకున్నారు. పేజీకి ఎడమవైపు జమ, కుడివైపు ఖర్చు, అడుగున నిల్వ. జమ అంటే తాగిన నీళ్లూ మజ్జిగా కాఫీ, ఖర్చు అంటే మూత్రం. అర లీటరు ప్లాస్టిక్ మగ్గుతో కొలిచి, మిల్లీలీటర్లలో. తొమ్మిదో రోజు జమ 1,700, ఖర్చు 1,450. పదకొండో రోజు 1,600, 1,300. పన్నెండు: 1,500, 1,000. పదమూడు: 1,400, 700. పద్నాలుగు: 1,200, 500. పదిహేను: 1,000, 350. పదహారో రోజు జమ 700, ఖర్చు 150, దాని కింద ఎర్ర సిరాతో గీత. ఎనిమిది రోజుల నిల్వ 3,900 అని కూడా తేల్చి పెట్టారు.

ఆ 3,900కి వైద్యంలో అర్థం లేదు. చెమటలో, ఊపిరిలో పోయేది ఆయన రాయలేదు, కూరల్లో చారుల్లో వచ్చేదీ రాయలేదు. అంకె తప్పు, కానీ దిగుతున్న వరస తప్పు కాదు. తిండి మానేసింది పదమూడో రోజు నుంచి అని భార్య చెప్పింది, మూత్రం తగ్గడం మొదలైంది పన్నెండునే. జమ బాగానే ఉండగానే ఖర్చు పడిపోయింది. కాబట్టి తిండి లేక కిడ్నీ దెబ్బతిందన్న మా కథ అక్కడే తిరగబడింది. కిడ్నీకి రక్తం అందడం లేదు. ఎందుకు అందడం లేదు?

చేత్తో నొక్కే బీపీ మిషను తెప్పించి, నెమ్మదిగా గాలి వదులుతూ విన్నాను. ఊపిరి పీల్చినప్పుడు పై బీపీ 14 పాయింట్లు పడుతోంది. పది దాటకూడదు. మెడ కురచ కాబట్టి నరాలు కనిపించలేదు, కూర్చోబెట్టి చెవి తమ్మె దగ్గర చూస్తే అక్కడిదాకా ఉబ్బి ఉంది. నాడి 84 ఎందుకుందో కూడా అప్పుడు వెలిగింది. ఇంత కష్టంలో ఉన్న గుండె 120 కొట్టుకోవాలి. అమియోడరోన్, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర రెండూ కలిసి దాని నోరు నొక్కేశాయి.

సీటీకి పంపాం. కిడ్నీ దెబ్బతిని ఉంది కాబట్టి రంగు ఇంజెక్షన్ లేకుండానే. బల్ల మీద వెల్లకిలా ఆయన ఉండగలిగింది ఒక్క నిమిషం. సరిపోయింది. గుండె వెనకాల, ఎడమ పై గదిని ఆనుకుని, మూడు సెంటీమీటర్ల మందాన గడ్డకట్టిన రక్తం.

కార్డియాక్ టాంపొనేడ్. గుండెని చుట్టి ఉండే పొర సాగదు. దాని లోపల రక్తం పోగైతే గుండె విప్పారడానికి చోటుండదు. క్లాడ్ బెక్ అనే సర్జన్ 1935లో చెప్పిన మూడు లక్షణాలు, అంటే బీపీ పడిపోవడం, మెడ నరాలు ఉబ్బడం, గుండె చప్పుడు మందగించడం, మేమంతా పరీక్షల కోసం బట్టీపట్టినవే. గుండె ఆపరేషన్ అయినవాళ్లలో మాత్రం ఈ మూడూ కలిసి కనిపించడం అరుదు. కోత తర్వాత గుండె చుట్టూ పొరలు అక్కడక్కడా అతుక్కుని గదుల్లా ఏర్పడతాయి. వెల్లకిలా పడుకునే మనిషికి రక్తం వెనక గదిలో చేరుతుంది. ఎకో చేసేది ముందు నుంచి. ఇంటి వెనక దొంగ ఉంటే వీధి గుమ్మంలోంచి చూసి ఎవరూ లేరన్నట్టు అయింది మా పని.

ఇక గ్యాస్ సంగతి. గుండెలోకి వెళ్లలేని రక్తం వెనక్కి తంతుంది. లివర్ ఉబ్బి దాని పొర బిగుసుకుంటుంది, పేగుల గోడలు నీరు పడతాయి. ఉబ్బరం, వికారం, రెండు ముద్దలకే నిండిపోవడం. ఆయన చెప్పిన ప్రతి లక్షణమూ నిజమే, పేరే తప్పు.

ఆపరేషన్ థియేటర్‌లో మళ్లీ

వెనకాల ఉన్న గడ్డకి సూది అందదు. తెరవాల్సిందే. ప్లాస్మా సీసాలు ఎక్కిస్తే అంత ద్రవాన్ని ఆ గుండె తట్టుకోదు కాబట్టి, తక్కువ పరిమాణంలో వచ్చే ప్రోత్రాంబిన్ కాంప్లెక్స్ ఇచ్చి రక్తాన్ని గడ్డకట్టే స్థితికి తెచ్చాం.

ఈ కేసులో నాకు చెమట పట్టించింది కోత కాదు, మత్తు. టాంపొనేడ్ ఉన్న మనిషి బిగపట్టుకుని నెట్టుకొస్తుంటాడు. మామూలు మత్తుమందు ఇచ్చి రక్తనాళాలు వదులైతే, పైగా వెంటిలేటర్ గాలి రొమ్ములో ఒత్తిడి పెంచితే, గుండె అక్కడే ఆగిపోవచ్చు. అందుకని ఆయన మెలకువగా ఉండగానే సగం కూర్చోబెట్టి, రొమ్ముకి మందు పూసి, బట్టలు పరిచి, నేను గ్లవ్స్ వేసుకుని కత్తి చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు మా మత్తు డాక్టరమ్మ కెటమిన్ ఇచ్చింది. కళ్లు మూసుకునే ముందు ఆయన నాతో అన్నారు, "సార్, పుస్తకం భద్రం" అని.

ఊపిరి గొట్టం పడగానే బీపీ 62. పాత కుట్టు కింది చివర తెరిచి వేలు వెనక్కి పోనిచ్చాను. ముందు నల్లటి పాత రక్తం, తర్వాత మేక కార్జం ముక్కల్లాంటి గడ్డలు. అంతా కలిపి 400 మిల్లీలీటర్లు. మానిటర్ మీద 62 కాస్తా 90, 110, 138. అది చూడ్డానికి పట్టింది అర నిమిషం. గ్రాఫ్టులు మూడూ బాగున్నాయి, కారుతున్న నాళం ఏదీ దొరకలేదు. పచ్చి అంచుల నుంచి చెమ్మలా ఊరిందే ఇంతా. ముప్పావుగంటలో యూరిన్ బ్యాగులో 350 పడింది. నర్సు దాన్ని చార్టులో ఎక్కిస్తుంటే, ఖర్చు అని నాకు నేనే అనుకున్నాను.

ఐదు రోజుల్లో క్రియాటినిన్ 1.3కి దిగింది. లివర్ ఎంజైములు రెండు వారాల్లో. లయ మళ్లీ తప్పలేదు, పలచబడే మందు మళ్లీ మొదలుపెట్టలేదు. ఆస్పిరిన్ మాత్రం కొన్ని రోజులకి మళ్లీ ఇచ్చాం.

ఎక్కడ తప్పింది

మా నెలవారీ సమావేశంలో ఈ కేసు నేనే పెట్టాను. ఐఎన్ఆర్ 1.9 నుంచి 6.1కి ఎలా వెళ్లిందన్నది మొదటి ప్రశ్న. అమియోడరోన్, ఎసెనోకుమరాల్‌ని లివర్‌లో కరిగించే ఎంజైమును అడ్డుకుంటుంది. అంటే అదే మోతాదు మాత్ర రోజురోజుకీ బలపడుతుంది. ఇది కొత్త విషయం కాదు, రెండూ కలిపి ఇచ్చినప్పుడు మోతాదు తగ్గించి, మూడు నాలుగు రోజులకోసారి ఐఎన్ఆర్ చూడాలి. మేం వారమని రాశాం. ఆ పైన సూళ్లూరుపేటలో కడుపు కోసం ఇచ్చిన మాత్రలోని ఆర్నిడజోల్ కూడా మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ జాతిదే, అదీ ఐఎన్ఆర్‌ని పెంచేదే. తిండి మానేస్తే విటమిన్ కె అందదు. చివరికి ఉబ్బిన లివర్ గడ్డకట్టించే పదార్థాలు తయారుచేయడం తగ్గిస్తుంది. రక్తం కారి లివర్ ఉబ్బింది, లివర్ ఉబ్బి రక్తం ఇంకా కారింది. డైక్లోఫెనాక్ ప్లేట్‌లెట్లని మొద్దుబార్చి, కిడ్నీకి ఒక దెబ్బ వేసింది. పోనీ ఆ నీటిని తగ్గించడానికైనా పనికొచ్చిందా అంటే, 2010లో ఫ్రాన్స్‌లో చేసిన పోప్-2 ట్రయల్‌లో ఆపరేషన్ తర్వాతి నీటి మీద డైక్లోఫెనాక్ పనిచేయలేదనే తేలింది.

నన్ను ఎక్కువగా తొలిచింది రెండో ప్రశ్న. మూడో రోజు లయ ఎందుకు తప్పింది? గుండె వెనక చేరిన రక్తం పై గదిని రాపిడి పెట్టి, వాపు తెచ్చి లయ తప్పిస్తుందన్న వాదన చాలాకాలంగా ఉంది. న్యూయార్క్‌లో 420 మంది మీద చేసి 2021లో లాన్సెట్‌లో ప్రచురించిన పలాక్స్ ట్రయల్ దానికి బలం ఇచ్చింది. ఆపరేషన్ చివర్లో గుండె పొర వెనకవైపు నాలుగైదు సెంటీమీటర్ల గంటు పెట్టి, రక్తం పక్కనున్న ఊపిరితిత్తి సందులోకి జారిపోయేలా చేస్తే, లయ తప్పినవాళ్లు 32 శాతం నుంచి 17కి తగ్గారు. గుండె చుట్టూ నీరు చేరినవాళ్లు 21 శాతం నుంచి 12కి. అంటే ఈయన విషయంలో వెనక ఉన్న రక్తమే లయ తప్పించి ఉండవచ్చు. లయ తప్పిందని మేం రక్తం పలచబడే మందు ఇచ్చాం. ఆ మందుతో వెనక రక్తం పెరిగింది. రుజువు చేయలేను, ఆ 6 మిల్లీమీటర్ల వాక్యం చూసినప్పుడల్లా మాత్రం అదే అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ గంటు నేను దాదాపు ప్రతి బైపాస్‌లో పెడుతున్నాను. రెండు నిమిషాల పని. మా యూనిట్‌లో అందరూ ఒప్పుకోలేదు, గ్రాఫ్టు ఆ సందులోకి జారుతుందేమోనని ఒక సీనియర్ అభ్యంతరం. ఆయన భయం అర్థం లేనిది కాదు, గ్రాఫ్టు పొడవు చూసుకుని పెట్టాలి.

పలచబడే మందు మీద ఇంటికి వెళ్లే ప్రతి ఒక్కరికీ ఐఎన్ఆర్ తారీఖు వేసి ఇస్తున్నాం, "వారం తర్వాత" అనే మాట తీసేశాం. తెలుగువాళ్లకి తెలుగులో, తమిళులకి తమిళంలో ఒకే పేజీ. అందులో ఐఎన్ఆర్ అనే మాట పక్కనే "రక్తం పలచదనం పరీక్ష, డబ్బు కాదు" అని ఉంటుంది. కొత్త నర్సులు చదివి నవ్వుతారు. పదో రోజున మా కోఆర్డినేటరు ఫోన్ చేసి మూడు అడుగుతుంది: వెల్లకిలా పడుకోగలుగుతున్నారా, మూత్రం తగ్గిందా, కొత్తగా ఏ మాత్ర వేసుకున్నారు? గ్యాస్ అనే మాట వినిపిస్తే మర్నాడు ఎకోకి రమ్మంటుంది. అనవసరంగా వచ్చి తిట్టుకుంటూ వెళ్లినవాళ్లే ఎక్కువ, ఒప్పుకుంటాను.

గుమాస్తాగారు ఆరు నెలలకి చెకప్‌కి వచ్చారు. హెచ్‌బీఏ1సీ 7.1, నడుము 93. కొడుక్కి 31 ఏళ్లు, వెంట తీసుకొచ్చి లిపిడ్ పరీక్ష చేయించారు, చెడు కొలెస్ట్రాల్ 168. తాతకి, తండ్రికి, చిన్నాన్నకి వచ్చింది తనకి రాదనుకునే వయసు కాబట్టి ఆ కుర్రాడితో అరగంట మాట్లాడాను, మాత్ర మొదలుపెట్టాడు. పుస్తకం కొత్తది, అట్ట మాత్రం ఎర్రదే. ఇప్పుడు జమ ఖర్చుల పక్కన నడక అని ఇంకో గడి చేరింది. కిడ్నీ బాగుంది కాబట్టి మూత్రం కొలవడం ఇక ఆపేయొచ్చని చెప్పాను. తలూపి, ఆ రోజు లెక్క రాసి, నిల్వ కింద గీత గీసి మూశారు.